పది గంటల ఇరవై నాలుగు నిమిషాలకు నేను పోయాను

నేను ఇంతవరకు ఒకే ఒక్కసారి చనిపోయాను. అదీ సవ్యంగా చావలేకపోయాను. ఆ ఒక్క చావుతో ఒక జపాను అమ్మాయి భవిష్యత్తు ముంచబోయాను, యాభై ఎనిమిదేళ్ళ పెద్దమనిషిని కుర్చీతో సహా వెల్లకిలా పడేశాను, పైపెచ్చు నా పరువు నేనే తీసుకున్నాను. ఇంత అప్రదిష్ట చావు మీ ఎరికలో ఇంకెవరైనా చచ్చి ఉంటే చెప్పండి, ఊరట పడతాను. అప్పుడు నాకు అరవై ఎనిమిది నిండి మూడు నెలలు. ఇప్పుడు డెబ్బై ఆరు. కనుక దీన్ని చిన్నతనపు తప్పుగా జమకట్టుకోమని మనవి.

నా పేరు సుగుణ రత్నం. విజయవాడలో రైల్వే కంట్రోల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళ రెండు నెలలు పనిచేశాను. ఏ బండి ఏ స్టేషను ఎన్నింటికి దాటిందో ఫోనులో విని, చార్టు మీద గీత గీయడం నా ఉద్యోగం. ఒక్క నిమిషం అటూ ఇటూ గీస్తే రెండు బళ్ళు ఒకే పట్టా మీద ఎదురుపడి కుశలం అడుగుతాయి. నా చేతి మీదుగా అలాంటి పరామర్శ ఒక్కటీ జరగలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో నన్ను ఏడిపించడానికి పనికొస్తుంది.

రిటైరయ్యాక అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా అమ్మాయి ప్రిసిల్లా దగ్గరికి వచ్చాను. ఇక్కడ తోచక, మా తెలుగు చర్చిలో ఆదివారం ప్రసంగం ఎన్ని నిమిషాలు సాగిందో డైరీలో రాసేదాన్ని. ఒకసారి ఆ పట్టిక పాస్టరు గారికి చూపించాను. ఆయన నవ్వి, "అమ్మా, మీ అంత శ్రద్ధగలవాళ్ళు కావాలని అట్లాంటాలో ఒక మెడికల్ కాలేజీ వాళ్ళు అడుగుతున్నారు, చేరకూడదా?" అన్నారు. నన్ను చర్చి నుంచి వదిలించుకోవడానికి అన్నారని ప్రిసిల్లా అంటుంది. నేను నమ్మను. పూర్తిగా నమ్మకుండానూ లేను.

పని ఏమిటంటే, రోగి వేషం. డాక్టరు చదివే పిల్లలు నిజం రోగుల మీద పడకముందు మాలాంటి ఉత్తుత్తి రోగుల మీద సాధన చేస్తారు. ఒకరోజు మోకాళ్ళ నొప్పి, ఒకరోజు కళ్ళు తిరగడం, ఒకరోజు మందులు మింగని మొండి ముసలమ్మ. ఈ మూడోదానికి రిహార్సల్ అక్కర్లేదని కూడా ప్రిసిల్లాయే అంది.

ఆ ఉత్తుత్తి ఆసుపత్రి ఉన్నది మూడో అంతస్తులో. కిటికీ అన్నది లేదు. పదకొండు గదులు, ప్రతి గదిలో ఒక గోడకు నల్లటి అద్దం. అద్దం వెనక ఎవరో కూర్చుని చూస్తుంటారు. మనకి మాత్రం మన మొహమే కనిపిస్తుంది. నడవా పొడుగునా మంచాల మీద రబ్బరు మనుషులు. రెప్పలార్పుతారు. ఛాతీ లేస్తుంది, దిగుతుంది. చేయి పట్టుకుంటే నాడి కొట్టుకుంటుంది, కానీ చేయి చల్లగా ఉంటుంది. మొదటి రోజు మర్యాద కొద్దీ అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాను. ఒక బొమ్మ తిరిగి చెప్పింది. ఆ తర్వాత మూడు వారాలు ఆ నడవాలో గోడ వైపు తిరిగి, పీతలా అడ్డంగా నడిచాను.

ఆ అక్టోబరులో జపాను నుంచి నలుగురు విద్యార్థులు నాలుగు వారాల శిక్షణకి వచ్చారు. అక్కడ ఆఖరి సంవత్సరం చదువుతున్న పిల్లలు. వాళ్ళలో మిసాకి అనే అమ్మాయి నా మోకాళ్ళ నొప్పికి పడింది. సన్నగా, పెన్సిలు ముక్కలా ఉంటుంది. గొంతు దోమ కంటే ఒక్క మెట్టు కింద.

"సారీ, మీ మోకాలు తాకవచ్చా? సారీ, నా చేయి చల్లగా ఉందా? సారీ, నొప్పి ఎప్పటినుంచి?"

"జూన్ పదకొండు, సాయంత్రం నాలుగున్నర నుంచి," అన్నాను. వేషం కాగితంలో 'కొన్ని నెలలుగా' అని మాత్రమే ఉంది. 'కొన్ని' అంటే ఏమిటి, మీరే చెప్పండి?

ఆ అమ్మాయి పన్నెండు నిమిషాల్లో తొమ్మిది సారీలు చెప్పింది. అద్దం వెనక నుంచి పరీక్షకుడు డాక్టర్ హాల్ వచ్చారు. ఆరడుగుల మనిషి, మాట మేకు దిగ్గొట్టినట్టుంటుంది. "మిసాకి, నీకు విద్య ఉంది. గొంతు లేదు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడవు. అనుకోనిది జరిగితే బిగుసుకుపోతావు. ఆఖరి పరీక్షలో కూడా ఇలాగే ఉంటే నేను సిఫారసు ఉత్తరం రాయలేను."

ఆ ఉత్తరం లేకపోతే, చదువయ్యాక ఇక్కడ పై శిక్షణకి వచ్చే దారి ఆ పిల్లకి మూసుకుపోతుంది. ముసలివాళ్ళ ఆఖరి రోజుల వైద్యం నేర్చుకోవాలని ఆమె కోరిక. "మా ఊళ్ళో ఉన్నవాళ్ళంతా ముసలివాళ్ళే, రత్నం-సాన్," అంది భోజనాల బల్ల దగ్గర. సాన్ అంటే వాళ్ళకి మన గారు.

"ఆఖరి పరీక్ష దేనిమీద?"

"మరణం ప్రకటించడం. గురువారం. శుక్రవారం మా విమానం."

అంటే రెండో అవకాశం లేదన్నమాట. నా పులిహోర సగం ఆమె డబ్బాలో వేశాను, ఆమె అన్నం ఉండ ఒకటి నా డబ్బాలోకి వచ్చింది. తింటూ చెప్పింది. వాళ్ళ కాలేజీలో శవాన్ని కోసే ముందు, కోసిన తర్వాత కూడా విద్యార్థులంతా తల వంచి మౌనంగా నిలబడతారట. ఏడాదికోసారి, శరీరం దానమిచ్చినవారి ఇంటివాళ్ళని పిలిచి, పూలు పెట్టి, పేరు పేరునా తలుచుకుంటారట. "ఆసుపత్రిలో కూడా, మనిషి పోయాక డాక్టరు తన చేతి గడియారం చూసి సమయం చెప్పి వంగి నమస్కరిస్తారు. ఆ సమయాన్ని ఇంటివాళ్ళు బతికున్నంత కాలం తలుచుకుంటారు. అందుకే నేను రోజూ పొద్దున్నే వాచీ సరిచూసుకుంటాను."

ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. దేశం కాని దేశంలో నాకొక మనిషి దొరికింది! ఎవరికీ చెప్పని సంగతి ఆమెకి చెప్పాను. "మా ఆయన పోయింది మధ్యాహ్నం రెండు నలభైకి. డ్యూటీ డాక్టరు భోంచేసి త్రేన్చుకుంటూ వచ్చి, మూడు అని రాసి వెళ్ళిపోయాడు. లెక్కకి గుండ్రంగా ఉంటుందట. మరి ఆ ఇరవై నిమిషాలు మా ఆయన ఎక్కడున్నట్టు?"

మిసాకి సారీ అంటుందనుకున్నాను. అనలేదు. "దారిలో ఉండి ఉంటారు," అంది.

ఒక స్టేషను వదిలి, తర్వాతి స్టేషను చేరని బండిని మేం చార్టులో 'మధ్యలో' అని రాసేవాళ్ళం.

ఇక గురువారం. ఆ రోజు నాకు మోకాళ్ళ వేషమే. తొమ్మిది నలభైకి మా మేనేజరు డెబ్బీ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"రత్నం, చిక్కొచ్చింది. చనిపోవాల్సిన బొమ్మ ఊపిరి ఆపడం లేదు."

"స్విచ్ ఆపండి."

"ఆపాం. ఆగలేదు. ప్లగ్గు పీకాం. ఆగలేదు. లోపల బ్యాటరీ ఏదో ఉందట, పక్క గదిలో పడేసి మెకానిక్కుని పెట్టాం. రత్నం, నువ్వు చనిపోగలవా?"

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలంటే పోగలను," అన్నాను ధీమాగా. వెంటనే కూతురికి ఫోన్ చేశాను. ఎంతైనా ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా పోవడం పద్ధతి కాదు.

"ప్రిసిల్లా, నేను ఇవాళ చనిపోతున్నాను. వంకాయ కూర ఫ్రిజ్‌లో ఉంది."

"వాట్? అమ్మా! నేను మీటింగ్‌లో ఉన్నా, అలా స్టార్ట్ చేయకు!" విషయం విన్నాక ఊపిరి పీల్చుకుంది. "సరే, ఒక్క మాట. డెడ్ అంటే డెడ్. కరెక్షన్స్ చేయకు."

"నాకంత తెలియదా?"

"పోయిన నెల ఫ్యూనరల్‌లో పాస్టర్ గారు జాషువా అంకుల్ పుట్టిన ఇయర్ తప్పు చదివితే లేచి నిలబడ్డావ్ కదా! కాఫిన్ పక్కనే!"

"మూడేళ్ళు తేడా వచ్చింది మరి. పోయినాయన లేచి చెప్పలేడు కదా."

"అదే నేను చెప్పేది, అమ్మా. పోయినవాళ్ళు లేచి చెప్పరు."

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మేం పుడకలవాళ్ళం కాదు, పెట్టెవాళ్ళం. అందుకే కాబోలు, నా బుద్ధికి పోవడానికి దారి లేకపోయింది.

డెబ్బీ నా మొహానికి బూడిద రంగు పౌడరు అద్ది, పెదవులకి నీలం పూసి, అద్దం చూపించింది. అద్దంలో మా అత్తగారు కనిపించారు. ఆవిడ పోయి అప్పటికి ఇరవై రెండేళ్ళు. నన్ను చూసి ఆవిడ కూడా సంతోషించినట్టు లేదు.

నాకు కొడుకు వేషం ఫ్రాంక్ అనే ఆయనది. యాభై ఎనిమిదేళ్ళు, బట్టతల, మంచి ఏడుపు. "డెబ్బీ, నాకు అరవై ఎనిమిది. అంటే ఇతన్ని పదేళ్ళకే కన్నానా?" అన్నాను. "ఎవరూ లెక్క వేయరు రత్నం," అంది. నేను వేశాను కదా? నేను ఎవరిలోకీ రానా?

మంచం మీద పడుకున్నాను, పక్కన కుర్చీలో ఫ్రాంక్. ఎదురుగా గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. గెడ్డం దాకా దుప్పటి కప్పి దీపం తగ్గించారు. కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు వినిపించింది. పక్క గదిలోంచి, గోడలోంచి, నా తలకి జానెడు దూరంలో. హుస్... హుస్... ఆగనని మొండికేసిన బొమ్మ. నిమిషానికి పన్నెండు ఊపిర్లు, ఒకటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఆ గదిలో పోయినదాన్ని నేను, ఊపిరి తీస్తున్నది అది. ఎవరి పని ఎవరు చేస్తున్నామో అర్థం కాలేదు. భయం పోగొట్టుకోవడానికి నాకు తెలిసిన మందు ఒక్కటే. లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

పద్నాలుగో ఊపిరికి తలుపు తెరుచుకుంది. మెత్తటి అడుగులు. మంచం పక్కకి వచ్చి ఆగిపోయాయి. రబ్బరు బొమ్మ ఉంటుందనుకుని వచ్చిన పిల్ల, బూడిద మొహంతో పడుకున్న నన్ను చూసి ఉంటుంది. రెండు ఊపిర్ల సేపు కదలలేదు. 'బిగుసుకుపోకు తల్లీ,' అని లోపల్లోపల ప్రార్థించాను. శవాలు ప్రార్థించవచ్చో లేదో పాస్టరు గారిని అడగలేదు.

తర్వాత నా చెవి దగ్గర చిన్న గొంతు. "రత్నం-సాన్, ఇప్పుడు మీ కళ్ళు తెరిచి చూస్తాను. వెలుతురు పడుతుంది." ఫ్రాంక్‌తో కాదు, నాతో. పోయినదానితో. బతికున్నవాళ్ళతో మాట్లాడినంత మామూలుగా. ఆ తర్వాత, "చల్లగా ఉంటుంది, గుండె మీద పెడుతున్నాను." చల్లటి బిళ్ళ ఛాతీ మీద ఆనింది. నా గుండె అప్పటికే బొగ్గు నింపుకున్న గూడ్సు బండిలా కొట్టుకుంటోంది. అంతలో పైకప్పులోని స్పీకరులోంచి డాక్టర్ హాల్ గొంతు, ఎక్కడో మేఘాల్లోంచి వచ్చినట్టు: "గుండె చప్పుడు లేదు. ఊపిరి లేదు."

పైనున్నాయన లేదంటున్నాడు. లోపల ఉన్నది ఉన్నానంటోంది. మిసాకి బిళ్ళ తియ్యకుండా నిండా ఒక నిమిషం వింది. గోడ అవతల హుస్... హుస్... డెబ్బై రెండు, డెబ్బై మూడు. నా చేతులు ఎక్కడున్నాయో నాకు తెలియడం మానేసింది. మంచం కూడా కింద లేనట్టే ఉంది. రెండు నలభైకి, మూడింటికి మధ్య మా ఆయన ఉన్న చోటు ఇలాగే ఉండి ఉంటుందా అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ చీకట్లో ఇంకో మనిషి ఉన్నట్టు తోచింది. భయం వేయలేదు. భయం వేయనందుకు భయం వేసింది.

ఎనభై నాలుగో ఊపిరి. పన్నెండు ఏడులు ఎనభై నాలుగు, సరిగ్గా ఏడు నిమిషాలు. ఇరవైకి ఏడు కలిపితే ఇరవై ఏడు.

మిసాకి చేయి ఎత్తిన చప్పుడు. వాచీ చూస్తోంది.

"మరణ సమయం, పది గంటల ఇరవై నాలుగు నిమిషాలు."

ఆ మాటతో పాటే, గోడ అవతల ఊపిరి ఆగిపోయింది.

ఎనభై ఐదోది రాలేదు. ఎదురుచూశాను. రాలేదు. గదిలో అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో నా బుర్రలో ఒకే ఒక్క మాట గిరగిరా తిరిగింది: మూడు నిమిషాలు. మా ఆయన్ని ఇరవై నిమిషాలు ఆపారు, నన్ను మూడు నిమిషాలు ముందే పంపేస్తున్నారు. ఆ మూడు నిమిషాలు నేను ఎక్కడ ఉండాలి?

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. చచ్చినదాని నోరు బారెడని ఆ రోజు తెలిసింది. దుప్పటి తోసేసి నిలువునా లేచి కూర్చున్నాను.

"ఇరవై ఏడు!"

ఫ్రాంక్ "మామ్!" అని కేక పెట్టి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. అద్దం వెనక ఏదో పగిలింది. పైకప్పులోంచి, కాలేజీ పుస్తకాల్లో లేని మాట ఒకటి వినబడింది.

మిసాకి మొహం నా పౌడరు రంగుకి తిరిగింది. కానీ ఒక్క అడుగు వెనక్కి వేయలేదు.

"ఇరవై నాలుగు, రత్నం-సాన్."

"ఇరవై ఏడు! నేను లెక్కపెట్టాను. నా చావు నాకు తెలియదా?"

"నా వాచీ పొద్దున సరిచూశాను."

"గోడ గడియారం చూడు!"

చూసింది. తన వాచీ చూసింది. తర్వాత, నాలుగు వారాల్లో మొదటిసారి, సూటిగా నా కళ్ళలోకి చూసింది. "ఇరవై నాలుగే. దయచేసి పడుకోండి."

సారీ లేదు. నా భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చింది. రెండు వేళ్ళతో నా రెప్పలు మూసింది. దుప్పటి గెడ్డం దాకా లాగింది. నేను చేసేదేముంది, ఆపిన చావే మళ్ళీ అందుకున్నాను. తర్వాత ఆమె నేల మీద ఫ్రాంక్ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నట్టు వినిపించింది. గంటలాంటి గొంతు. "మీ అమ్మగారు పది ఇరవై నాలుగుకి వెళ్ళిపోయారు. ఇందులో సందేహం లేదు. నేను ఇక్కడే ఉంటాను." ఫ్రాంక్ ఏడ్చాడు. అది వేషం ఏడుపు కాదని తర్వాత ఒప్పుకున్నాడు.

పరీక్ష అయ్యాక సారీలు చెప్పడం నా వంతయింది. డాక్టర్ హాల్‌తో, "తప్పు నాది, ఆ పిల్లది కాదు, ఇంకోసారి పెట్టండి, ఈసారి కదలను," అని బతిమాలాను. మొత్తం పదకొండు సారీలు. మిసాకి రికార్డు బద్దలు.

ఆయన చొక్కా నిండా కాఫీ. నన్ను వదిలేసి మిసాకి వైపు తిరిగారు. "చనిపోయిందన్న మనిషి లేచి కూర్చుంటే డాక్టరు ముందు ఏం చేయాలి? గుండె చూడాలి కదా?"

"చూశాను డాక్టర్. మొదటినుంచీ చక్కగా కొట్టుకుంటూనే ఉంది," అంది మిసాకి. "లేదనుకోమని మీరే చెప్పారు."

హాల్ గారి మొహంలో మేకులన్నీ ఒక్కసారి ఊడిపోయాయి. కడుపు పట్టుకుని నవ్వారు. ఉత్తరం ఆ మధ్యాహ్నమే రాశారు. అందులో ఒక వాక్యం నాకు మిసాకి చదివి వినిపించింది: "స్వయంగా మృతురాలే వచ్చి వాదించినా ఈ విద్యార్థిని తడబడలేదు."

ఇంతవరకు బాగానే ఉంది. "పిల్ల గెలిచింది కనుక ఊరుకుంటున్నాను," అన్నాను డెబ్బీతో, మొహం తుడుచుకుంటూ. "కానీ అది ఇరవై ఏడే."

"అయ్యో రత్నం, ఆ గదిలో గోడ గడియారం మూడు నిమిషాలు ముందుంటుంది. పిల్లలు వేళకి ముగించాలని మేమే తిప్పి పెట్టాం."

ఆ రోజు నేను నిజంగా చచ్చింది ఆ క్షణంలోనే. లెక్క తప్పలేదండీ, ఎనభై నాలుగుకి ఎనభై నాలుగూ సరే. మొదలే తప్పు. ముప్పై నాలుగేళ్ళ రెండు నెలల్లో ఒక్క బండి సమయం తప్పు చెప్పనిదాన్ని, నా సొంత బండి సమయం తప్పు చెప్పాను.

అప్పుడే పక్క గదిలోంచి మెకానిక్కు బయటికి వచ్చాడు. చేతిలో కాగితం. "బొమ్మ ఊపిరి ఆగిపోయింది. నేను ఏమీ చేయలేదు. దానంతట అదే ఆగింది," అన్నాడు. కాగితం మీద బొమ్మలోని యంత్రం తనకు తాను అచ్చు వేసుకున్న సమయం ఉంది. పది ఇరవై నాలుగు.

మిసాకి నెమ్మదిగా ఆ గదిలోకి వెళ్ళి, మంచం ముందు నిలబడి, నడుము దాకా వంగింది. ఆమె పక్కన నేనూ వంగాను, మోకాళ్ళు నిజంగానే నొచ్చాయి. మేం తల ఎత్తేసరికి బొమ్మ కళ్ళు మూసి ఉన్నాయి. అంతకుముందు తెరిచి ఉన్నాయా అని మెకానిక్కుని అడగబోయి, జీవితంలో మొదటిసారి, ఒక వివరం తెలియకుండానే వదిలేశాను.

కనుక బంధువులకు, చర్చివారికి, ప్రత్యేకించి ప్రిసిల్లాకు ఇందుమూలంగా ప్రకటించడమేమనగా: నేను రెండోసారి పోయినప్పుడు డాక్టరు ఏ సమయం చెప్పినా, ఎంత గుండ్రంగా రాసినా, లేవను, కూర్చోను, నోరు మెదపను. ఒట్టు. కాకపోతే ఆ గదిలో గోడ గడియారం ఉంటే, నన్ను పడుకోబెట్టే ముందు ఎవరైనా దాన్ని కాస్త సరిచేయండి.